ఆపదలో చెయ్యి వేసిన డాక్టరుకు చట్టం అండ

(స్వర్ణోత్సవ సభలో 1983 పదో తరగతి బ్యాచ్‌కు చెందిన ఒక పూర్వ విద్యార్థి, జనరల్ సర్జన్ చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు డాక్టరువి కాబట్టి షుగరు గురించో, గుండె గురించో పదిహేను నిమిషాలు చెప్పు" అన్నారు. షుగరు గురించి మీకందరికీ నాకంటే ఎక్కువే తెలుసు. ఈ హాల్లో సగం మంది జేబుల్లో మాత్రలు ఉన్నాయి. అందుకని ఇంకో మాట చెప్తానని అనుమతి తీసుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా నా మనసులో ఉన్న మాట అది.

1991లో నేను హౌస్ సర్జన్‌ని. పండక్కి ఇంటికి వస్తూ రాత్రి ఆర్టీసీ బస్సులో ఉన్నాను. హైవే మీద బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే ఒక మోపెడ్ పక్కకు పడి ఉంది, మనిషి రోడ్డు మీద ఉన్నాడు. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. ఒక్కరూ వంగడం లేదు. బస్సులో ఎవరో అన్నారు, "దిగకండి బాబూ, పోలీసు కేసు. ముట్టుకున్నవాడినే సాక్ష్యానికి తిప్పుతారు." ఇంకొకాయన, "ఎవరన్నా డాక్టరు ఉన్నారా?" అని అడిగాడు. నా సంచిలో స్టెతస్కోపు ఉంది. నేను మాట్లాడలేదు. రెండు నిమిషాలకు బస్సు కదిలింది.

ఆ మనిషి బతికాడో లేదో నాకు తెలియదు. నేను దిగి ఉంటే బతికేవాడని కూడా చెప్పలేను. నేను దిగలేదు, అంతే. ఎందుకు దిగలేదంటే భయం. నా చేతిలో ప్రాణం పోతే నా మీద కేసు పెడతారని భయం. పరీక్ష పాసైన ఏడాదికే కోర్టు మెట్లు ఎక్కుతానేమోనని భయం.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మేము ఎనిమిదో తరగతిలో ఉండగా మా క్లాసు కుర్రాడిని గ్రౌండు చివర కంప దగ్గర పాము కరిచింది. ఊళ్లోవాళ్లు మంత్రం వేయించాలని పట్టుబట్టారు. మన సైన్సు మాస్టారు వినలేదు. వాణ్ని సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని, వెనక ఇంకొకణ్ని పట్టుకోమని, సర్కారు ఆసుపత్రికి తొక్కుకుంటూ పోయారు. "దారిలో ఏమన్నా అయితే మీ పీకకు చుట్టుకుంటుంది మాస్టారూ" అని ఒక పెద్దమనిషి హెచ్చరించాడు కూడా. ఆ కుర్రాడు ఇవాళ మూడో వరుసలో కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నాడు. ఇద్దరు మనవలు వాడికి.

బస్సు సంగతి నేను కొన్నేళ్ల తర్వాత ఆ మాస్టారికే చెప్పాను. ఆయన తిట్టలేదు. కాసేపు ఊరుకుని, "ఇప్పుడైతే దిగుతావా?" అని మాత్రం అడిగారు. అప్పుడు నాకు జవాబు దొరకలేదు. ఇవాళ మాస్టారు మన మధ్య లేరు. ఈ ప్రసంగమే ఆయనకు నా జవాబు అనుకోండి.

నేను ఆ బస్సులో కూర్చున్న నాటికే సుప్రీంకోర్టు ఈ విషయం మీద తీర్పు చెప్పి రెండేళ్లయింది. పరమానంద్ కటారా కేసు, 1989 ఆగస్టు 28. స్కూటరు మీద వెళ్తున్న ఒకాయనను కారు గుద్దింది. దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్తే, మెడికో లీగల్ కేసులు మేము చూడం అని ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఇంకో ఆసుపత్రికి పొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. ఆ వార్త పేపర్లో చదివి కటారా గారు కోర్టుకు వెళ్లారు. కోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రాణం కాపాడడం అన్నిటికంటే ముందు. సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చేయాలి, కాగితాలు తర్వాత. అదే తీర్పులో డాక్టర్లను అనవసరంగా పోలీసు స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిప్పకూడదని కూడా చెప్పింది. ఇంత పెద్ద మాట మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఫోరెన్సిక్ మెడిసిన్‌లో విషాల పేర్లు, గాయాల కొలతలు బట్టీ పట్టాం. నా భయానికి జవాబు అప్పటికే అచ్చయి ఉందని నాకు తెలియలేదు.

1996లో పశ్చిమ బెంగాల్ కేసులో కోర్టు ఇంకో అడుగు వేసింది. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక పేదవాడిని మంచం ఖాళీ లేదని, సౌకర్యం లేదని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని కోర్టు చెప్పి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది.

ఇవి ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరు బాధ్యత గురించిన తీర్పులు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కూడా డ్యూటీ డాక్టరు లాంఛనాల కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యం చేయాలనే చెప్తుంది. మరి డ్యూటీలో లేని డాక్టరు సంగతేమిటి? నాలాగా బస్సులో ఉన్నవాడు, పెళ్లికి వెళ్తున్నవాడు, ఫీజు తీసుకోకుండా రోడ్డు మీదే చెయ్యి వేసినవాడు? వాడి మీద కేసు పెడితే దిక్కెవరు?

ఈ ప్రశ్నకు మొదట చట్టం చేసింది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, 1959లో. బైబిల్లో మంచి సమరయుడి కథ ఉంది కదా. దొంగలు కొట్టి పడేసిన మనిషిని ఇద్దరు పెద్దలు చూసి పక్కనుంచి వెళ్లిపోతారు, పరాయివాడైన సమరయుడు ఆగి, గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు కూడా తానే పెట్టుకుంటాడు. ఆ పేరుమీదే ఈ చట్టాలను గుడ్ సమారిటన్ చట్టాలంటారు. ఇప్పుడు అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అక్కడ స్థిరపడి ఈ సభకు వచ్చిన మన డాక్టర్లకు ఇది తెలిసిన సంగతే. రాష్ట్రాన్ని బట్టి మాటలు మారతాయి గానీ సారం ఒకటే. ఆపద సమయంలో, డబ్బు ఆశించకుండా, చిత్తశుద్ధితో సాయం చేసిన వాడిమీద నష్టపరిహారం దావా నిలవదు. మరీ ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే మాత్రం చాలా రాష్ట్రాల్లో ఈ రక్షణ ఉండదు. విమానంలో సాయపడే డాక్టరు కోసం 1998లో అక్కడి కేంద్ర ప్రభుత్వం విడిగా చట్టం చేసింది. ఫ్రాన్సు దారి వేరు. తనకు ప్రమాదం లేకుండా సాయం చేయగలిగి కూడా చేయకుండా వెళ్లిపోతే అక్కడ అది నేరం, ఐదేళ్ల దాకా జైలు.

మన దేశానికి వద్దాం. 2022 ఒక్క ఏడాదిలో మన రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. ఇది కేంద్ర ప్రభుత్వం లెక్క. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ ఈ విషయం మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ సంస్థ పెట్టినాయన బంధువుల కుర్రాడొకడు ఢిల్లీ రోడ్డు మీద నెత్తురోడుతూ పడి ఉంటే, జనం చూస్తూ పోయారే తప్ప ఎవరూ ఆసుపత్రికి చేర్చలేదు. కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలకు కోర్టు 2016 మార్చి 30న చట్టబలం ఇచ్చింది. ఆ తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అనే సెక్షన్ చేర్చారు. 2020 సెప్టెంబరు 29న నియమాలు వచ్చాయి.

ఆ సెక్షన్ చెప్పేది మీకు తేలిక మాటల్లో చెప్తాను. వాహన ప్రమాదంలో గాయపడ్డవాడికి ప్రమాద స్థలంలో గానీ, ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు గానీ, స్వచ్ఛందంగా, ప్రతిఫలం ఆశించకుండా, సద్భావంతో సాయం చేసినవాడి మీద సివిల్ కేసూ ఉండదు, క్రిమినల్ కేసూ ఉండదు. సాయం చేయడంలో పొరపాటు జరిగి గాయం పెరిగినా, ప్రాణం పోయినా సరే. సాయం అంటే వైద్య సాయమైనా కావచ్చు, మామూలు సాయమైనా కావచ్చు. అంటే డాక్టరుకీ వర్తిస్తుంది, ఆటో డ్రైవరుకీ వర్తిస్తుంది.

నియమాల ప్రకారం మీ పేరు, చిరునామా చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. ఆసుపత్రివాళ్లు మిమ్మల్ని ఆపి ఉంచకూడదు. సాక్ష్యం చెప్పడం మీ ఇష్టం. ఇష్టపడి చెప్తానంటే మీకు వీలైన చోట, మర్యాదగా, ఒక్కసారే వాంగ్మూలం తీసుకోవాలి. ఈ హక్కులను ప్రతి ఆసుపత్రీ స్థానిక భాషలో కూడా రాసి కనిపించేలా పెట్టాలి.

ఇక్కడ మా లాయరు మిత్రుడు ఒకడు నన్ను అడిగాడు. "ఇంత రక్షణ ఇస్తే అజాగ్రత్తకు లైసెన్సు ఇచ్చినట్టు కాదా? గాయపడ్డవాడి కుటుంబం ఎవరికి చెప్పుకోవాలి?" న్యాయమైన ప్రశ్న. దీనికి కంచె ఆ సెక్షన్‌లోనే ఉంది. సద్భావం ఉండాలి, ప్రతిఫలం ఉండకూడదు, స్వచ్ఛందంగా చేసి ఉండాలి. రోడ్డు మీద వైద్యం చేసి తర్వాత బిల్లు పంపితే ఆ రక్షణ పోతుంది. డ్యూటీ డాక్టరు తన ఆసుపత్రిలో చేసిన పొరపాటును దీని చాటున దాచుకోలేడు. ఇది దారినపోయే మనిషి కోసం చేసిన చట్టం. రోడ్డు మీద మన దగ్గర ఎక్స్‌రే ఉండదు, నర్సు ఉండదు, వెలుతురు కూడా ఉండదు. అక్కడ చేసిన పనిని ఆపరేషన్ థియేటరులో చేసిన పనితో తూచకూడదు. ఆ తేడా చట్టం గుర్తించింది.

కానీ ఒక లోటు ఉంది. 134ఎ వాహన ప్రమాదాలకే పరిమితం. నాకు అది ఎలా తెలిసిందో చెప్తాను.

కొన్నేళ్ల క్రితం రైల్లో వెళ్తుంటే టీటీఈ వచ్చి డాక్టరు కావాలని అడిగాడు. ఈసారి లేచాను. పక్క బోగీలో అరవై ఏళ్లాయన కుప్పకూలి ఉన్నాడు, నాడి అందడం లేదు. బెర్తుల మధ్య నేల మీద పడుకోబెట్టి ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాను. ఇద్దరు కుర్రాళ్లు వంతులేసుకున్నారు. పక్కటెముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. గట్టిగా నొక్కితే అలా విరగడం ఉన్నదే. స్టేషను వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఆయన దక్కలేదు. ఆయన కొడుకు నా చొక్కా పట్టుకుని, "నువ్వు నొక్కే మా నాన్నను చంపావు" అన్నాడు. నేను ఏమీ అనలేదు. వాళ్లమ్మ లేచి వచ్చి కొడుకు చెయ్యి విడిపించి, "ఆయన నాన్న మీద చెయ్యి వేసినందుకు మొక్కరా" అంది. అక్కడితో అయిపోయింది. ఆవిడ ఆ మాట అనకపోతే?

ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న పట్టుకుని చదివాను. రైల్లో గుండె ఆగిన మనిషి విషయంలో 134ఎ నాకు రాదు. అయినా నేను దిక్కులేనివాణ్ని కాదు.

మొదటిది, పాత ఐపీసీ 92వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 30వ సెక్షన్. స్పృహలేని మనిషి మేలు కోరి, అనుమతి అడిగే వీలు లేనప్పుడు, సద్భావంతో చేసిన పని నేరం కాదు. 1860 నాటి ఆ చట్టంలో ఉదాహరణలు చదివితే ఆశ్చర్యపోయాను. గుర్రం మీంచి పడి స్పృహ తప్పినవాడికి సర్జను అనుమతి లేకుండా పుర్రెకు ఆపరేషన్ చేస్తే నేరం కాదు. పులి ఎత్తుకుపోతున్న మనిషిని కాపాడబోయి పులి మీద కాల్చిన గుండు ఆ మనిషికే తగిలినా నేరం కాదు. అయితే ఈ చట్టంలో సద్భావం అంటే తగిన జాగ్రత్త కూడా ఉండాలి. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు.

రెండోది, 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు. డాక్టరు మీద నిర్లక్ష్యం పేరుతో క్రిమినల్ కేసు నిలవాలంటే అది మామూలు పొరపాటు కాదు, ఘోరమైన నిర్లక్ష్యం అయి ఉండాలి. ఇంకో డాక్టరు నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోకుండా పోలీసులు ముందుకు పోకూడదు. ఫిర్యాదు వచ్చిందని మామూలుగా అరెస్టు చేయకూడదు.

మూడోది, 1995 నాటి వి.పి. శాంత తీర్పు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదు. ఫీజు తీసుకోని నేను ఆ ఫోరంలో ముద్దాయిని కాను.

ఇక మిగిలింది సివిల్ దావా. వాహన ప్రమాదం కాని చోట ఆ దావా వేయకుండా ఆపే సెక్షన్ లేదు. వేస్తే చివరికి నేనే గెలవవచ్చు. కానీ గెలిచేదాకా తిరగాలి. ఆ తిరుగుడు భయమే ఆ రోజు బస్సులో నన్ను కూర్చోబెట్టింది. అందుకే నా విన్నపం. గుండెపోటు, పాముకాటు, నీట మునగడం, కరెంటు షాకు, దారిలో ప్రసవం, ఇలా ప్రతి ఆపదకూ 134ఎ రక్షణ విస్తరించాలి. రోడ్డు మీద పడ్డ మనిషికి ఒక చట్టం, రైల్లో పడ్డ మనిషికి ఇంకో చట్టం ఎందుకు? ఈ హాల్లో ప్రజాప్రతినిధులు ఉన్నారు, న్యాయవాదులు ఉన్నారు. వారికి ఇది నా విజ్ఞప్తి.

మన సంఘం ఏటా పెట్టే ఉచిత వైద్య శిబిరం గురించి కూడా ఒక మాట. శిబిరం ఆపద కాదు. తేదీ ముందే వేసుకుంటాం, మందులు ముందే తెప్పించుకుంటాం. కాబట్టి అక్కడ ఉచితం అన్న మాట జాగ్రత్తకు బదులు కాదు. వినియోగదారుల ఫోరం రాకపోవచ్చు గానీ సివిల్ కోర్టు ఉంటుంది, అంతకు మించి మన పేరు ఉంటుంది. పేరు రిజిస్టరులో రాయండి, ఎలర్జీ అడగండి, మందుల గడువు తేదీ చూడండి. డబ్బు తీసుకోలేదు కదా అని పేదవాడికి తక్కువ రకం వైద్యం చేసే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు.

డాక్టర్లైన మన పూర్వ విద్యార్థులకు నా అనుభవం నుంచి నాలుగు ముక్కలు. ముందు 108కి ఫోన్ చేయించండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సేవ ఇవాళ మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. మీకు వచ్చిన పనే చేయండి. రోడ్డు మీద రక్తం ఆపడం, ఊపిరి ఆడేలా చూడడం, మెడ కదలకుండా పట్టుకోవడం చాలు. మొదలుపెట్టాక ఇంకొకరికి అప్పగించేదాకా వదిలి వెళ్లకండి. ఏం చూశారో, ఎన్ని గంటలకు ఏం చేశారో చీటీ రాసి అంబులెన్సు వాళ్లకివ్వండి. డబ్బు, కానుక ఏదీ తీసుకోకండి.

డాక్టర్లు కాని వాళ్లు కూడా భయపడకండి. ఆసుపత్రి ఖర్చు మీ నెత్తిన పడుతుందన్న భయమూ ఇప్పుడు అక్కర్లేదు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం చేయాలి.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. స్వర్ణోత్సవ గుర్తుగా గేటు కట్టాలా, విగ్రహం పెట్టాలా అని చర్చ నడుస్తోందని విన్నాను. ఏది కట్టినా కట్టండి. దానితోపాటు మన బడి గోడ మీద ఈ హక్కులు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. ఏటా పదో తరగతి పిల్లలకు ఒక పూట ఛాతీ నొక్కడం, రక్తం ఆపడం నేర్పిద్దాం. బొమ్మ నేను కొనిస్తాను. నేర్పడానికి ఏటా ఒక రోజు నేనే వస్తాను. వాళ్లలో ఎవడో ఒకడు రేపు ఏదో బస్సులో కూర్చుని ఉంటాడు. "డాక్టరు ఉన్నారా?" అని ఎవరో అడుగుతారు. డాక్టరు లేకపోయినా వాడు లేస్తే చాలు.

మాస్టారూ, ఇప్పుడైతే దిగుతాను.